పాత గ్రంథాల్లో దొరికే ‘రహస్యాలు’: యాదృచ్ఛికమెంత, ఉద్దేశమెంత?

మహాభారతానికి ‘జయ’ అనే పేరుంది. గ్రంథారంభంలోని మంగళ శ్లోకం ‘తతో జయముదీరయేత్’ అనే ముగుస్తుంది. అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది పద్ధతిలో ‘జ’కు 8, ‘య’కు 1. అంకెలను వెనక నుంచి ముందుకు చదవాలన్నది అందులో నియమం కాబట్టి ‘జయ’ అంటే 18. భారతంలో పర్వాలు 18, యుద్ధం జరిగింది 18 రోజులు, తలపడ్డ సేనలు 18 అక్షౌహిణులు, భగవద్గీత అధ్యాయాలు 18. ఇన్ని ఒక్కచోట కలిసిరావడం చూసి, కవి గ్రంథం పేరులోనే దాని కొలతను దాచాడని చెప్పేవారున్నారు. వినగానే ఒళ్లు పులకరించే మాట.

అదే పద్ధతిని మరికొన్ని మాటలకు వర్తింపజేసి చూడాలి. దయ 18. హయ 18. జప 18. దీప, దివ్య, హాస్య కూడా 18. దైత్య 18, హేయ 18. ‘జ, ద, హ’లలో ఒకటి ముందూ, ‘క, ట, ప, య’లలో ఒకటి వెనకా వచ్చే ప్రతి రెండక్షరాల మాటా 18 అవుతుంది. సంయుక్తాక్షరంలో చివరి హల్లునే లెక్కించాలన్న నియమం వల్ల ఈ జాబితా ఇంకా పెరుగుతుంది. ఇక భారతానికి ఉన్న మిగతా పేర్ల సంగతి: ‘భారత’ 624, ‘మహాభారత’ 62485. కవి పేరు ‘వ్యాస’ 71. ‘కృష్ణ’ 51, ‘పాండవ’ 431. ఈ సంఖ్యల గురించి ఎవరూ మాట్లాడరు. వీటిలో ఏ ఒక్కటి 18 అయినా అదే రహస్యంగా ప్రచారమయ్యేది.

కాలం కూడా అడ్డు వస్తుంది. కటపయాదిని వాడిన గ్రంథాల్లో కాలం నిశ్చితంగా తెలిసిన తొలి వాటిలో ఒకటి హరిదత్తుడి గ్రహచారనిబంధనం, క్రీ.శ. 683 నాటిది. అప్పటికే భారతం శతాబ్దాలుగా ప్రచారంలో ఉంది. 18 అనే సంఖ్య మీద భారతానికి మమకారం ఉందన్నది నిజమే, ఆ మాట గ్రంథం దాచకుండా పైకే చెబుతోంది. నిలబడనిది పేరుకూ ఆ సంఖ్యకూ తర్వాతివారు వేసిన ముడి.

పాత పుస్తకాల్లో కనిపించే వింత పోలికలన్నిటికీ వేయాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది. దొరికిన పోలిక ఎంత అబ్బురంగా ఉందన్నది కాదు ఆ ప్రశ్న. వెతకడం మొదలుపెట్టేటప్పటికి వెతికేవారి ముందు ఎన్ని దారులు తెరిచి ఉన్నాయి? ఏ పేరు తీసుకోవాలి, ఏ పద్ధతిలో లెక్కించాలి, ఏ ఫలితం వస్తే విజయమని చెప్పుకోవాలి అన్నవి ముందే ఖాయమై ఉంటే చిన్న పోలికకైనా బరువుంటుంది. అవన్నీ తర్వాత తీరిగ్గా తేల్చుకున్నవైతే ఎంత పెద్ద పోలికైనా తేలిపోతుంది.

దీన్ని అంకెల్లో చూపడానికి బైబిల్‌లోని ఆదికాండం చుట్టూ నడిచిన వివాదం కంటే మంచి ఉదాహరణ లేదు. హీబ్రూ ఆదికాండంలో 78,064 అక్షరాలు ఉన్నాయి. పదాల మధ్య ఖాళీలు తీసేసి వాటన్నిటినీ ఒకే వరుసగా పేర్చి, ఏదో ఒక అక్షరం దగ్గర మొదలుపెట్టి, ప్రతి పదో అక్షరాన్నో, ప్రతి నాలుగు వందలో అక్షరాన్నో ఏరుకుంటూ పోతే అప్పుడప్పుడు అర్థమున్న మాట వస్తుంది. వీటిని సమదూరాక్షర క్రమాలు అనవచ్చు. 1994లో విట్జ్‌టమ్, రిప్స్, రోజెన్‌బర్గ్ అనే ముగ్గురు ‘స్టాటిస్టికల్ సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఆదికాండం రాసిన తర్వాత ఎన్నో శతాబ్దాలకు పుట్టిన యూదు మతాచార్యుల పేర్లు, వారి జనన మరణ తేదీలు ఈ క్రమాల్లో ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తున్నాయనీ, ఇది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం పది లక్షల్లో 16 వంతులేననీ వారి వాదన. 1997లో మైఖేల్ డ్రోస్నిన్ అనే పాత్రికేయుడు ఇదే దారిలో ఒక పుస్తకం రాసి, ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ హత్య కూడా అందులో ముందే ఉందన్నాడు. ఆ పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది.

ముందు తేలికపాటి లెక్క ఒకటి వేయాలి. 78,064 అక్షరాల వరుసలో ఐదక్షరాల మాటకు చోటిచ్చే సమదూర క్రమాలు ఎన్ని? ఎక్కడ మొదలుపెట్టినా, ఎంత దూరం దాటుకుంటూ పోయినా, ముందుకైనా వెనక్కైనా సరేనంటే, మొత్తం అక్షరాల సంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగించినంత. అంటే దాదాపు 152 కోట్లు. హీబ్రూ లిపిలో 22 అక్షరాలు, వాటితో కూర్చగల ఐదక్షరాల మాటలు సుమారు 51.5 లక్షలు. అక్షరాలన్నీ సమానంగా వస్తాయని అనుకుంటే, ఏ ఐదక్షరాల మాటైనా ఆ గ్రంథంలో దాదాపు 300 సార్లు ‘దాగి’ ఉండాలి. ఆరక్షరాల మాటైతే సుమారు 11 సార్లు. ఏడక్షరాల మాటలు పదింటిలో మూడు నాలుగైనా ఎక్కడో ఒకచోట దొరకాలి. హీబ్రూ రాతలో అచ్చులు చాలావరకు రాయరు కాబట్టి పేర్లు పొట్టిగా ఉంటాయి. మూడు నాలుగు అక్షరాల పేర్లు వేలల్లో, లక్షల్లో దొరుకుతాయి. ఒక పేరు దొరికాక దాని చుట్టుపక్కల ‘హత్య’, ‘యుద్ధం’, ‘మరణం’ వంటి చిన్న మాటలు దొరకకపోతేనే వింత.

తన విమర్శకులు ‘మోబీ డిక్’ నవలలో ఒక ప్రధాని హత్య కనుక్కుంటే అప్పుడు నమ్ముతానని డ్రోస్నిన్ సవాలు విసిరాడు. ఆస్ట్రేలియా గణిత శాస్త్రవేత్త బ్రెండన్ మెకే ఆ సవాలు అందుకున్నాడు. హెర్మన్ మెల్‌విల్ 1851లో అచ్చువేసిన ఆ తిమింగల వేట కథలో, అదే పద్ధతిలో, ఇందిరా గాంధీ, అబ్రహాం లింకన్, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల ‘జోస్యాలు’ బయటపడ్డాయి. మెల్‌విల్‌కు భవిష్యత్తు తెలుసని ఎవరూ అనలేదు.

డ్రోస్నిన్ పుస్తకాన్ని తోసిపుచ్చడానికి ఇంతవరకు చాలు. 1994 నాటి వ్యాసం మాత్రం ఇంత తేలిగ్గా లొంగేది కాదు. అందులో గణాంక పరీక్ష ఉంది, ముందుగా తయారుచేసిన పేర్ల జాబితా ఉంది. దాన్ని కదిలించింది మెకే, డ్రోర్ బార్-నతాన్, మాయా బార్-హిల్లెల్, గిల్ కలాయ్ కలిసి 1999లో అదే పత్రికలో ప్రచురించిన పరిశీలన. వారు గ్రంథాన్ని వదిలి జాబితాను పట్టుకున్నారు. మధ్యయుగపు మతాచార్యుడికి పేరు ఒక్కటే ఉండదు. అసలు పేరు, ఇంటి పేరు, ఊరి పేరు, ఆయన రాసిన గ్రంథం పేరుతో వచ్చిన బిరుదు, పొడి అక్షరాలతో కట్టిన సంక్షిప్త నామం అన్నీ ఉంటాయి. ఒక్కో పేరుకు వర్ణక్రమం ఒకటికి మించి ఉంటుంది. తేదీని రాసే తీరులూ అనేకం. వీటిలో దేన్ని చేర్చాలి, దేన్ని వదలాలి అన్న చోట మిగిలిన చిన్న చిన్న స్వేచ్ఛలు కలిస్తే, ఎంత గొప్ప ఫలితమైనా పుట్టించవచ్చని వారు చేసి చూపించారు. అంతే సహేతుకంగా కనిపించే మరో జాబితా తయారుచేసి, టాల్‌స్టాయ్ నవల ‘యుద్ధము - శాంతి’ హీబ్రూ అనువాదంలో ఆదికాండానికి దీటైన ‘అద్భుతం’ రాబట్టారు. అదే జాబితాతో ఆదికాండంలో ఏమీ రాలేదు.

పాత గ్రంథాల విషయంలో మరో చిక్కు ఉంది, దాన్ని రహస్యాన్వేషకులు పట్టించుకోవడం తక్కువ. ప్రాచీన గ్రంథం మన చేతికి కవి చేతి నుంచి నేరుగా రాలేదు. తరతరాల లేఖకుల చేతుల మీదుగా వచ్చింది. హీబ్రూ ప్రతుల్లో ఒకే మాటను ఒకచోట నాలుగక్షరాలతో, మరోచోట ఐదక్షరాలతో రాయడం మామూలు. యాభై అక్షరాలు దాటుకుంటూ పోయే క్రమంలో మధ్యన ఒక్క అక్షరం చేరినా, ఊడినా ఆ మాట చెదిరిపోతుంది. మహాభారతం సంశోధిత ప్రతిని పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ తయారుచేసినప్పుడు 1,259 రాతప్రతులు పరిశీలించారు. లక్ష శ్లోకాలుగా ప్రసిద్ధికెక్కిన గ్రంథం ఆ సంశోధిత ప్రతిలో సుమారు 75 వేలకు తగ్గింది. ఫలానా సంఖ్య శ్లోకంలో ఫలానా అక్షరం ఉందని రుజువు చేయబోయేవారు ముందు ఏ ప్రతిలోనో చెప్పాలి. ఆ ప్రతినే ఎందుకు ఎంచుకున్నారో కూడా చెప్పాలి.

ఇంగ్లండు రాజు జేమ్స్ పేరిట 1611లో వెలువడిన ఆంగ్ల బైబిల్‌లో 46వ కీర్తన ఇలాంటిదే. మొదటి నుంచి లెక్కిస్తే 46వ మాట ‘షేక్’, చివరి నుంచి లెక్కిస్తే 46వది ‘స్పియర్’. 1610లో షేక్‌స్పియర్‌కు 46 ఏళ్లు నిండాయి. అనువాదంలో ఆయన చెయ్యి ఉందనడానికి దీన్ని గుర్తుగా చూపుతారు. లెక్క కుదరాలంటే కీర్తనకు ముందున్న శీర్షికనూ, చివరనున్న ‘సెలా’ అనే మాటనూ వదిలేయాలి. పైగా 1611కు ముందు వచ్చిన ఆంగ్ల అనువాదాల్లోనూ ఈ రెండు మాటలు ఇంచుమించు అవే చోట్ల ఉన్నాయి. కారణం సులువు: మూలంలోనే మొదట్లో కొండలు కంపిస్తాయి, చివర్లో దేవుడు ఈటెను విరుస్తాడు. మొత్తం కీర్తనలు 150, అందులో ఈ ఒక్కటే ఎందుకు చర్చకు వచ్చిందో చెప్పనవసరం లేదు.

ఇంతవరకు వేసిన లెక్కల్లో ఒక సరళీకరణ ఉంది. అక్షరాలు ఒకదానితో మరొకదానికి సంబంధం లేకుండా, సమానంగా వస్తాయని అనుకున్నాం. భాష అలా నడవదు. 1913లో రష్యా గణిత శాస్త్రవేత్త ఆంద్రేయ్ మార్కోవ్, పుష్కిన్ పద్యకావ్యం ‘యెవ్‌గేనీ ఒనేగిన్’ నుంచి 20,000 అక్షరాలు తీసుకుని ఓపిగ్గా చేత్తో లెక్కపెట్టాడు. అందులో అచ్చులు 8,638, అంటే నూటికి 43. అయితే అచ్చు తర్వాత మళ్లీ అచ్చు వచ్చింది నూటికి 13 సార్లే. హల్లు తర్వాత అచ్చు వచ్చింది నూటికి 66 సార్లు. ప్రతి అక్షరమూ తర్వాతి అక్షరాన్ని ఒక వైపుకు లాగుతోందన్నమాట. మాటల దగ్గర ఈ లాగుడు ఇంకా బలంగా ఉంటుంది. పది లక్షల మాటలతో 1960లలో తయారైన బ్రౌన్ ఆంగ్ల పాఠ సంచయంలో సగం రచనను 135 మాటలే నింపాయి. కొద్దిపాటి మాటలు ఇంతగా మళ్లీ మళ్లీ వస్తుంటే, వాటి కలయికలు ఎవరూ ఎవరినీ అనుకరించకుండానే పుస్తకం నుంచి పుస్తకానికి పునరావృతం అవుతాయి.

ఛందస్సు ఈ పునరావృత్తిని రెట్టింపు చేస్తుంది. పాత సాహిత్యంలో అధిక భాగం పద్యమే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కంద పద్యంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకే హల్లుగా నిలవాలి. మొదటి పాదం ‘కన్న’తో మొదలైతే, మిగతా పాదాలకు కవి మనసు తనంతట తానే ‘విన్న’, ‘అన్న’, ‘మున్ను’, ‘ఎన్న’ వంటి మాటల వైపు పోతుంది. ఆ ప్రాసకు భాషలో ఉన్న సరుకు అంతే. పైన యతి కూడా కుదరాలి. ఒకరి పద్యం మరొకరు చూడని ఇద్దరు కవులు, రెండు శతాబ్దాల ఎడంతో, అవే నాలుగు మాటలతో నాలుగు పాదాలు ఎత్తుకోవడంలో వింత లేదు. సంస్కృత అనుష్టుప్పులో ఒక అక్షరం తక్కువైనప్పుడు ‘చ’, ‘తు’, ‘హి’, ‘వై’ వచ్చి ఆదుకుంటాయి. వాటిని ఏరి సందేశం చదవబోతే కవి ఆలోచన బదులు ఛందస్సు అవసరమే కనిపిస్తుంది. హోమర్ కావ్యాల్లో పదేపదే వచ్చే ‘వడిగల పాదాల అకిలీస్’ వంటి పదబంధాలు పాదంలో ఒక నిర్దిష్టమైన ఖాళీకి సరిపోయే అచ్చుల్లాంటివని మిల్మన్ ప్యారీ 1928లో తన పరిశోధన గ్రంథాల్లో నిరూపించాడు. ఇలాంటి పునరావృత్తిని యాదృచ్ఛికమనీ అనలేం, రహస్య సంకేతమనీ అనలేం. గుర్తించకపోతే మాత్రం దేన్నయినా రుజువుగా చూపించుకోవచ్చు.

ఇలియడ్‌లోనే మరో ముచ్చటైన సంగతి ఉంది. 24వ సర్గ మొదటి ఐదు పాదాల తొలి అక్షరాలను పైనుంచి కిందికి చదివితే ‘లెఉకే’ అనే గ్రీకు మాట వస్తుంది, ‘తెల్లనిది’ అని అర్థం. దీన్ని ప్రాచీనులే గమనించారు. ఇలియడ్‌లో 15,693 పాదాలున్నాయి. గ్రీకు లిపిలో 24 అక్షరాలు; వాటితో ఐదక్షరాల కూర్పులు దాదాపు 80 లక్షలు. వాటిలో అర్థమున్న పదరూపాలు ఐదు వేలని లెక్క కోసం అనుకుంటే, ఇలియడ్ మొత్తంలో ఇలాంటి నిలువు మాటలు పదింటి దాకా వాటంతట అవే పుట్టాలి. ఇది వాటిలో ఒకటి; సర్గారంభంలో పడటం వల్ల కంటికి తగిలింది. మౌఖికంగా సాగిన కావ్యంలో, పాదాల తొలి అక్షరాలను కళ్లతో చదివే శ్రోత లేని చోట, కవి దాన్ని ఉద్దేశించి పెట్టాడనడం కష్టం.

కథ అక్కడితో ఆగలేదు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో అరాటస్ అనే కవి నక్షత్రాల మీద రాసిన పద్యకావ్యంలో, 783 నుంచి 787 వరకు ఉన్న పాదాల తొలి అక్షరాలు ‘లెప్తే’ అవుతాయి, ‘సూక్ష్మమైనది’ అని. అదే మాటతో 783వ పాదం అడ్డంగానూ మొదలవుతుంది. సూక్ష్మత అప్పటి కవుల సౌందర్య సిద్ధాంతానికే పేరు. హోమర్‌లో యాదృచ్ఛికంగా ఏర్పడిన నిలువు మాటను చదివిన కవి దానికి జవాబుగా కావాలని ఒకటి కట్టాడని పండితులు భావిస్తారు. అంటే యాదృచ్ఛికతను తేలిగ్గా తీసిపారేయడం కూడా తప్పే. చదివిన కంటికి అది తగిలిన తర్వాత సాహిత్య చరిత్రలో ఒక నిజమైన కారణంగా మారగలదు.

మరి ఉద్దేశించి పెట్టిన సంకేతాన్ని గుర్తించడం ఎలా? ఈ ప్రశ్నకు అనుభవంతో జవాబు చెప్పినవారు విలియం ఫ్రీడ్‌మన్, ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ దంపతులు. అమెరికాలో సంకేత లిపుల ఛేదనలో అగ్రగణ్యులైన ఈ ఇద్దరూ వృత్తి మొదలుపెట్టింది షేక్‌స్పియర్ నాటకాల్లో వాటి అసలు రచయిత అని కొందరు నమ్మే తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ దాచాడన్న సందేశాలు వెతికే పరిశోధనశాలలోనే. ఏళ్ల తర్వాత, 1957లో, ఆ వాదాలన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించి పుస్తకం రాశారు. వారి కొలబద్దలు రెండు. విప్పగా వచ్చిన సందేశం ఆ భాషలో వ్యాకరణబద్ధమైన వాక్యం కావాలి. అవే నియమాలతో ఎవరు విప్పినా అదే సందేశం రావాలి. ఇగ్నేషియస్ డొనెల్లీ 1888లో ప్రకటించిన బేకన్ సంకేతం రెండో దాని దగ్గర కూలిపోతుంది. అదే ఏడాది జోసెఫ్ పైల్ అనే రచయిత డొనెల్లీ పద్ధతిలోనే, షేక్‌స్పియర్ నాటకం నుంచే, డొనెల్లీని ఎగతాళి చేసే సందేశం తీసి చూపించాడు.

ఈ కొలబద్దలకు నిలిచే ఉదాహరణ మళ్లీ కటపయాదిలోనే దొరుకుతుంది. కేరళ కవి మేల్పత్తూరు నారాయణ భట్టతిరి తన సంస్కృత కావ్యం నారాయణీయాన్ని ‘ఆయురారోగ్యసౌఖ్యం’ అనే మాటతో ముగించాడు. అక్షరాలు వరుసగా 0, 1, 2, 2, 1, 7, 1. వెనక నుంచి చదివితే 1712210. కలియుగం మొదలైనప్పటి నుంచి గడిచిన రోజుల లెక్కగా తీసుకుంటే ఇది 1586వ సంవత్సరం చివరికి వస్తుంది, కవి జీవించిన కాలమది. ఇక్కడ ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు. కేరళ పండితులు కలి దినాలను అప్పటికే ఈ పద్ధతిలో నమోదు చేస్తున్నారు, మాట పడింది కావ్యం చిట్టచివర, సంఖ్య ఏడంకెలది. ‘జయ’కూ దీనికీ వాడిన పద్ధతి ఒక్కటే; తేడా అంతా ఎంపికకు మిగిలిన చోటులో ఉంది.

ఇప్పుడు ఈ సమస్య సంకేతాలను దాటి కర్తృత్వ నిర్ణయాల్లోకి వచ్చింది. పాత పుస్తకాలు వేలల్లో కంప్యూటర్లకెక్కాయి. వెయ్యి పుస్తకాలను ఒకదానితో ఒకటి పోల్చితే జతలు 4,99,500. ప్రతి జతలోనూ ఏవో నాలుగు మాటలు వరుసగా కలుస్తాయి. రెండు పుస్తకాలనే పక్కపక్కన పెట్టుకుని చూసేవారికి ఆ కలయిక వేలిముద్రలా కనిపిస్తుంది. 1612లో ‘డబ్ల్యూ.ఎస్.’ అనే పొడి అక్షరాలతో అచ్చయిన ఒక స్మృతికావ్యం షేక్‌స్పియర్‌ది కావచ్చని డొనాల్డ్ ఫోస్టర్ 1989లో ప్రతిపాదించాడు. అరుదైన పదాలు, వాక్య నిర్మాణాలు కలవడం అందుకు ఆధారం. 1990లలో ఆ కావ్యం షేక్‌స్పియర్ సంపుటాల్లోకి కూడా ఎక్కింది. జిల్ మోన్సరా, బ్రయన్ వికర్స్ దాన్ని అదే కాలపు నాటక రచయిత, కవి జాన్ ఫోర్డ్ రచనలతో పోల్చినప్పుడు, షేక్‌స్పియర్‌తో కుదిరిన దానికంటే గట్టిగా ఫోర్డ్‌తో కుదిరింది. 2002లో ఫోస్టర్ తన ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నాడు. పోలికలు మొదట చూపినప్పుడూ అబద్ధం కావు. అవే పోలికలు మరో కవిలో ఎన్ని దొరుకుతాయో చూసే పని మాత్రం అప్పటికి మిగిలిపోయింది.